తగ్గిందనుకున్న జబ్బు

ఎడమ కన్ను మూసుకో. చేతిలో ఉన్న మిరపకాయ ఎర్రగా లేదు.

ఇప్పుడు కుడి కన్ను మూసుకో. ఎర్రగా ఉంది, నిగనిగలాడుతోంది. మళ్లీ ఎడమది మూసి చూడు. అదే కాయ, అదే వెలుతురు, అదే పంచ. రంగు మాత్రం వెలిసి పాత ఇటుక రంగులోకి దిగింది.

వెలిగండ్లలో మీ ఇంటి ముందు, గోనెపట్టా మీద కూర్చుని తొడిమలు తీస్తున్నావు. ఏప్రిల్ నెల. నీకు ఇరవై ఎనిమిదేళ్లు. ఉయ్యాల్లో మూడు నెలల పాప నిద్రపోతోంది. పెద్దవాడు గడప మీద పలక పెట్టుకుని గీతలు గీస్తున్నాడు. పొద్దుటి నుంచీ నీ కుడి కంటి వెనక నొప్పి. కదలకుండా ఉంచితే ఏమీ లేదు. పక్కకు తిప్పితే లోపల పట్టేస్తోంది.

"చెయ్యి గాని కంట్లో పెట్టుకున్నావా ఏందే?" అంటుంది మీ అత్త.

మిరపకాయలు ఒలిచేచోట ఎవరికైనా ముందు వచ్చే అనుమానం అదే. కానీ కారం పడితే కన్ను ఎర్రబడాలి, మండాలి, నీళ్లు కారాలి. అద్దం తెచ్చి చూసుకో. తెల్లగుడ్డు తెల్లగానే ఉంది. పుసి లేదు. వాపు లేదు. ఈ కంటికి జబ్బుందంటే ఎవరూ నమ్మరు. నువ్వూ నమ్మవు.

చన్నీళ్లతో కడుక్కుంటావు. మీ ఆయన మెడికల్ షాపు నుంచి చుక్కల మందు తెస్తాడు. చనుబాలు రెండు చుక్కలు పిండుకోమని పక్కింటి పెద్దమ్మ చెబుతుంది. (పిండుకోకు. మేలు జరగకపోగా కొత్త చీము వచ్చే ప్రమాదం ఉంది.)

మూడో రోజు పెద్దవాడు పలక తెచ్చి నీ ముఖం ముందు పెడతాడు. మార్కాపురం రాతి పలక, చెక్క ఫ్రేముది. దాని మీద వాడు "పలక" అని రాశాడు. ఎడమ కన్ను మూసుకుని చదువు. "ప" ఉంది, "క" ఉంది, మధ్యలో "ల" లేదు. చూపు కొంచెం జరిపి "క" మీదికి తెచ్చుకో. "ల" వచ్చింది. ఇప్పుడు "క" పోయింది. దేనివైపు చూస్తే అది మాయం. చుట్టూ ఉన్నవి మాత్రం మసగ్గా కనబడుతున్నాయి.

ఇక ఊరుకోవడం లేదు. కనిగిరి బస్సెక్కుతావు.

అద్దాల కొట్టులో గోడ మీద అక్షరాలు చదివిస్తారు. ఒక గాజు తీసి ఇంకో గాజు పెడతారు. ఏది పెట్టినా అంతే. కంట్లో పొర లేదు, పువ్వు లేదు. చూపు తప్పింది కంట్లో కాదు, కన్ను చూసినదాన్ని మెదడుకు చేరవేసే నరంలో. ఆ నరం వాచింది. డాక్టర్లు దీన్ని ఆప్టిక్ న్యూరైటిస్ అంటారు. వాపు కంటి గుడ్డుకు వెనగ్గా ఉంటే పరికరంతో చూసినా మొదట్లో ఏమీ దొరకదు. దీని గురించి కంటి డాక్టర్ల మధ్య ఓ పాత మాట ఉంది: రోగికీ ఏమీ కనబడదు, డాక్టరుకూ ఏమీ కనబడదు.

అయినా ఒక టార్చిలైటు చాలు. బాగున్న కంట్లో వెలుగు వేస్తే రెండు కళ్లలోని నల్లపాపలూ చిన్నవవుతాయి. వెంటనే వెలుగును జబ్బు కంటి మీదికి తెస్తే, చిన్నవై ఉన్న పాపలు తిరిగి పెద్దవవుతాయి. వెలుగు పడుతుంటే పాప విచ్చుకోవడం! నరం సరిగా పనిచెయ్యడం లేదనడానికి అది గట్టి గుర్తు. నిమిషం పట్టే పరీక్ష. నీకు ఎవరూ చెయ్యలేదు. అద్దాలు రాసిచ్చారు.

తిరిగొచ్చాక ఊళ్లో ఆర్‌ఎంపీ ఏవో మాత్రలు ఇస్తాడు. అందులో చిన్న తెల్లటివి స్టెరాయిడ్లు. మింగుతావా? ఆగు. 1992లో అమెరికాలో ఇదే కంటి జబ్బు మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. నోటి ద్వారా ప్రెడ్నిసోన్ మాత్రలు మాత్రమే మింగినవాళ్లకు, ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్లకంటే ఎక్కువగా జబ్బు తిరగబెట్టింది. రక్తనాళంలోకి పెద్ద మోతాదులో ఎక్కించిన స్టెరాయిడ్ చూపును తొందరగా తెచ్చింది. ఆ మందు ఎప్పుడు, ఎంత అనేది తేల్చాల్సింది చిల్లర మాత్రల పొట్లం కాదు.

నువ్వు రెండు రోజులు మింగి మానేస్తావు. పాప ఏడుస్తోంది, కాయలు మిగిలిపోయాయి, ఎవరికి తీరిక?

వారాలు గడుస్తాయి. "ల" తిరిగి వస్తుంది. ముందు అంచులు, తర్వాత మొత్తం. ఎరుపు ఇంకా కాస్త పాలిపోయే ఉంటుంది గానీ, రెండు కళ్లూ తెరిస్తే అది తెలియదు. అద్దాల మహిమ అంటాడు మీ ఆయన. పోలేరమ్మకు మొక్కుకున్నానంటుంది అత్త. చుక్కల మందే అంటుంది పెద్దమ్మ. ఎవరి మాటా కాదు. చాలామందిలో ఈ చూపు దానంతటదే తిరిగి వస్తుంది. ఈ జబ్బు మనుషుల్ని మోసం చేసేది ఇక్కడే. పోయేటప్పుడు పేరు చెప్పిపోదు.

ఆ అమెరికా పరీక్షలో ఉన్నవాళ్లను 15 ఏళ్లు వదలకుండా గమనించారు. మొత్తం మీద సగం మందికి ఆ తర్వాత మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎం.ఎస్., బయటపడింది. కన్ను పోయిన రోజున తల స్కాన్‌లో మచ్చ ఒక్కటీ లేనివాళ్లలో నూటికి 25 మందికి. ఒక్క మచ్చయినా ఉన్నవాళ్లలో 72 మందికి. నీకు ఆ రోజు స్కాన్ తియ్యలేదు. నువ్వు ఏ లెక్కలో ఉన్నావో నీకు తెలియదు.

సంక్రాంతి దాటింది. పొగాకు కొట్టే రోజులు. బ్యారన్ పక్కన షెడ్డులో ఆడవాళ్లంతా వరసగా కూర్చుని పచ్చాకును కర్రలకు అల్లుతున్నారు. అరచేతులకు జిగురు పట్టి నల్లబడింది. ఆకు అందుకోడానికి తల వంచుతావు.

కరెంటు.

మెడ దగ్గర మొదలై వెన్ను వెంట జారి కాళ్లలోకి దిగి పోతుంది. రెప్పపాటు. తల ఎత్తుతావు, పోయింది. వంచుతావు, మళ్లీ కొట్టింది. పక్కనున్నామె నవ్వుతుంది: "వైరేమన్నా తగిలిందా ఏంది?" నువ్వూ నవ్వుతావు. మళ్లీ వంచాలంటే భయం.

దీనికి లెర్మిట్ సూచన అని పేరు. మెడ దగ్గర వెన్నుపాములో దెబ్బ తగిలిన చోటు, మెడ వంగినప్పుడు సాగి, ఇలా అరుస్తుంది. అయితే ఇది ఎం.ఎస్. ఒక్కదానికే సొంతం కాదు. బి12 బాగా తగ్గినా వస్తుంది. మెడ ఎముకలు వెన్నుపామును నొక్కినా వస్తుంది. అది గుర్తుపెట్టుకో, ఇప్పుడే ఆ మాట వస్తుంది.

రెండు రోజుల్లో అరికాళ్లు మొద్దుబారతాయి. బురద అంటుకుని ఆరిపోయినట్టు ఉంటుంది, కడిగితే బురద లేదు. వాకిలి దాటి బజారుకొచ్చాక చూసుకుంటావు, ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో కాలికి తెలియలేదు. వెనక్కి వెళ్లి వెతుక్కుంటావు. మొద్దు మోకాళ్లదాకా పాకుతుంది, ఆపైన నడుం దాకా. పక్కటెముకల చుట్టూ ఎవరో పట్టీ బిగించినట్టు. స్నానానికి పోసుకున్న నీళ్లు చేతికి వేడి, కాలికి ఏమీ కాదు.

ఆర్‌ఎంపీ మీ ఇంట్లో మంచం మీద కూర్చుని నీ వైపు చూడడు. పంచలో కూర్చున్న మీ మామ వైపు చూస్తాడు. తర్వాత తేలిగ్గా చెప్పేస్తాడు.

"ఏముందమ్మా, ఫ్లోరిన్ నీళ్లు. మీ ఇంట్లో ఉన్నదే."

నువ్వు నమ్ముతావు. ఎందుకు నమ్మవు? మీ మామ ఇరవై ఏళ్లుగా నడుం వంచలేడు. వెనక నుంచి పిలిస్తే తల తిప్పడు, మనిషి మనిషంతా తిరుగుతాడు. బాసింపట్టు వేసుకుని అన్నం తిన్నది ఎప్పుడో. కాళ్లు కర్రల్లా బిగుసుకుని ఈడ్చి నడుస్తాడు. ఈ నేల మీద ఆ జబ్బు నిన్నటిది కాదు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి రాశారు. వాళ్లు చూపించింది నెల్లూరు జిల్లా రోగుల్ని. దేశంలో మనుషుల్లో ఈ జబ్బును పట్టుకున్న తొలి నివేదికగా దాన్నే చెబుతారు. కనిగిరి తాలూకా అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఈ చుట్టుపక్కల ఆ హద్దు దాటిన బోర్లు ఎన్నో. వెలిగొండ సొరంగాల్లోంచి కృష్ణా నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఊళ్లకు ఊళ్లే చూస్తున్నది ఊరికే కాదు.

ఫ్లోరోసిస్ కూడా కాళ్లను పడగొడుతుంది. వెన్ను చుట్టూ ఉన్న స్నాయువులు సున్నంలా గట్టిపడి, ఎముక బలిసి, వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది. నొక్కుడు పడుతుంది. తిమ్మిరి, బిగుసుకుపోవడం, చివరికి నడక పోవడం. పైకి చూస్తే నీ కాళ్లకూ మీ మామ కాళ్లకూ ఒకే జబ్బు.

కానీ ఇద్దరూ ఒకే పంచలో ఉన్నారు కదా, పక్కపక్కనే పెట్టి చూడు. మామకు జబ్బు వచ్చింది ఏళ్ల తరబడి. నీకు రెండు రోజుల్లో. మామ మెడ వంగదు. నీ మెడ గడ్డం ఛాతీకి తగిలేదాకా వంగుతుంది. వంగినప్పుడే కరెంటు కొడుతుంది. మామకు ఒకసారి పోయినది తిరిగి రాలేదు. నీకు నెల తిరిగేసరికి చెప్పు కాలికి నిలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఫ్లోరైడ్ ఒక కంట్లో మూడు రోజుల్లో "ల"ను చెరిపెయ్యదు.

ఆ కంటి సంగతి నువ్వు ఆర్‌ఎంపీకి చెప్పలేదు. అతను అడగలేదు. కన్ను వేరు, కాలు వేరు కదా! మధ్యలో తొమ్మిది నెలలు.

నాకు ఆర్‌ఎంపీల మీద పగేమీ లేదు, అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్లే. నా అభ్యంతరమల్లా ఆ ఒక్క జవాబు మీద. ఈ ఊళ్లల్లో పదిమందిలో ఎక్కువమందికి అది నిజమే అవుతుంది. అందుకే పదకొండో మనిషి దాని కింద నలిగిపోతుంది.

బి12 సూదులు పొడుస్తారు. కాల్షియం మాత్రలిస్తారు. మొద్దు తగ్గుతుంది. జబ్బు మళ్లీ తగ్గింది.

మే నెల. పది గంటలకే రోడ్డు మీద గాలి మండుతోంది. కనిగిరి సంతనుంచి వచ్చి బస్సు దిగావు. రెండు చేతుల్లో సంచులు. నాలుగడుగులు వేసేసరికి కుడి కంటికి తెర దిగుతుంది. ఎదురుగా ఉన్న వేపచెట్టు పొగలో ఉంది. మోకాళ్లు వణుకుతాయి. కాళ్లు నీవి కావు. వడదెబ్బ అనుకుంటావు. ఇంటికొచ్చి తడిగుడ్డ మెడకు చుట్టుకుని కుండనీళ్లు తాగి నడవలో పడుకుంటావు. అరగంటలో వేపచెట్టు ఆకులు ఒక్కొక్కటీ కనబడతాయి.

పొలంలో బోరు మోటారు వైరుకు పైతొడుగు చెదిరి ఉంటే, చల్లటి పూట ఎలాగో లాక్కొస్తుంది, మిట్టమధ్యాహ్నం వేడెక్కగానే మొరాయిస్తుంది. నీ నరాలకు జరిగిందీ అంతే. నరం తీగ చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలు దారి తప్పి దాన్నే కొరికాయి. పొర పాక్షికంగా పూడుకుంది, పని జరుగుతోంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగితే చాలు, సంకేతం మధ్యలో ఆగిపోతుంది. చల్లబడితే మళ్లీ పోతుంది.

1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు దీన్ని గమనించాడు. కష్టపడి పనిచేస్తే చూపు మసకబారుతోందని రాశాడు. కారణం శ్రమ కాదు, శ్రమతో పుట్టిన వేడి అని తర్వాత తేలింది. స్కాన్లు లేని కాలంలో అనుమానం ఉన్నవాళ్లను వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి చూసేవాళ్లట. మన దగ్గర తొట్టి అక్కర్లేదు, మే నెల చాలు.

ఇది కొత్త దాడా? కాదు. పాత పుండు ఎండకు బయటపడడం. తేడా ఎలా తెలుస్తుంది? గడియారం చూడు, ఒళ్లు పట్టి చూడు. కొత్త లక్షణం, లేదా పాతదే ముదిరి, జ్వరం లేకుండా 24 గంటలు దాటి నిలిస్తే దాన్ని దాడిగా లెక్కవేస్తారు. నీడకొచ్చాక పోతే కాదు. కానీ ఎండలో ఒకే కన్ను మసకబారిందంటే, ఆ కంటి నరానికి అంతకు ముందే దెబ్బ తగిలిందని అర్థం. వడదెబ్బ రెండు కళ్లలో ఒకదాన్ని ఏరుకోదు.

ఆగస్టులో ఊరంతా వైరల్ జ్వరాలు. నీకూ వచ్చింది, పోయింది. రెండు వారాలు గడిచాయి.

రాత్రి మెలకువ వస్తుంది. ఒంటికి పోవాలి. ఆపుకోలేనంత. లేచేసరికి కొంత జారిపోయింది. సిగ్గు. ఎవరికీ చెప్పవు. తెల్లవారి మళ్లీ తొందర. వెళ్లి కూర్చుంటావు. రావడం లేదు.

మధ్యాహ్నానికి పొత్తికడుపు ఉబ్బింది. గట్టిగా ఉంది. నొక్కితే తెలియడం లేదు.

పాప ఏడుస్తోంది. లేవబోతావు. ఎడమ కాలు రాలేదు.

చేత్తో పట్టి లాగు. వచ్చింది. వదిలితే పడిపోయింది.

కుడి కాలు? కొంచెం.

"ఏమైందే?" అత్త పరిగెత్తుకొచ్చింది. గాలి సోకిందంటోంది. తాయెత్తు కట్టించే మనిషి కోసం కబురు పంపుతానంటోంది. మీ ఆయన ఆర్‌ఎంపీకి ఫోన్ చేస్తున్నాడు. ఇంకో సూది. రేపటికి చూద్దాం.

రేపటికి కాదు.

మూత్రం ఆగిపోయి, కాలు రాకపోతే ఆగకూడదు. వెన్నుపాములో వాపయినా, గడ్డయినా, టీబీయినా, ఫ్లోరైడ్ ఎముక నొక్కుడైనా, ఏదైనా సరే గంటలు లెక్క. చెప్పు. గట్టిగా చెప్పు.

"108కి కొట్టండి."

కనిగిరి. మూత్రానికి గొట్టం వేస్తారు. ఒత్తిడి దిగుతుంది, ఊపిరి ఆడుతుంది. అక్కడి నుంచి ఒంగోలు. ఒంగోలు నుంచి గుంటూరు.

గుంటూరులో న్యూరాలజీ డాక్టరు అరికాలి మీద తాళంచెవితో గీస్తాడు. బొటనవేలు పైకి లేస్తుంది. దిగాలి గానీ లేవకూడదట. మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగిరి పడుతుంది. రాసుకుంటాడు. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంటాడు.

"ఇంతకు ముందు ఎప్పుడైనా ఒక కన్ను మసకబారిందా అమ్మా?"

ఏం చెబుతావు?

అది తగ్గిపోయింది. పదహారు నెలలయింది. కాలు గురించి వస్తే కన్నెందుకు? పక్కన మీ ఆయన "లేదండీ" అనేస్తున్నాడు. నిజంగానే మర్చిపోయాడు. నువ్వు తల ఊపబోతావు.

చెప్పు.

"ఒకసారి... మిరపకాయ ఎర్రగా కనపడలా."

డాక్టరు కలం ఆగుతుంది. "ఇంకా?" అంటాడు. చెప్పు జారిన సంగతి చెబుతావు. మెడ వంచితే కరెంటు కొట్టిందని చెబుతావు. ఎండలో తెర దిగిందని చెబుతావు. ఏడాదిన్నరగా ముక్కలు ముక్కలుగా పడి ఉన్నవి ఒక కాగితం మీద వరసలోకి వస్తాయి. ఎం.ఎస్. తేల్చడానికి డాక్టరు వెతికేది సరిగ్గా దీన్నే: నరాల వ్యవస్థలో వేరువేరు చోట్ల, వేరువేరు కాలాల్లో పడ్డ దెబ్బలు. ఒక్క రక్తపరీక్షతో తేలేది కాదు. యంత్రాల కంటే ముందు నీ నోరు కావాలి.

తలకీ వెన్నుకీ ఎంఆర్‌ఐ. గొట్టంలో పడుకుంటే చెవుల్లో సుత్తులు. బొమ్మలో తెల్లటి మచ్చలు. రంగుమందు ఎక్కించాక కొన్ని మెరుస్తాయి, అవి కొత్తవి. మెరవనివి పాతవి. నడుం దగ్గర సూదితో వెన్ను నీరు తీస్తారు. ఇంకో రక్తపరీక్ష కూడా పంపుతారు. ఎందుకంటే కన్నూ వెన్నూ రెండూ దెబ్బతినే ఇంకో జబ్బుంది, ఎన్.ఎం.ఓ. అంటారు. చాలాకాలం దాన్ని ఎం.ఎస్.లో ఒక రకమే అనుకున్నారు. 2004లో దానికి ప్రత్యేకమైన యాంటీబాడీ దొరికాక రెండూ వేరని గట్టిపడింది. ఎం.ఎస్.కి వాడే కొన్ని మందులు దానికి వాడితే కీడు. అందుకే తొందరపడి పేరు పెట్టరు. బి12 కూడా చూస్తారు, అది సరిపడా ఉంది.

అయిదు రోజులు సెలైన్‌లో స్టెరాయిడ్, రోజుకు ఒక గ్రాము. మూడో రోజు ఎడమ బొటనవేలు కదులుతుంది. అయిదో రోజుకు గోడ పట్టుకుని నిలబడతావు.

అప్పుడు అడుగుతావు. అందరూ అడిగేదే. నాకే ఎందుకు?

ఒక్క కారణం లేదు. కొన్ని కలవాలి. ఆడవాళ్లకు మగవాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇరవై నుంచి నలభై మధ్య బయటపడడం మామూలు. కొందరిలో పుట్టుకతో వచ్చిన జన్యువుల తీరు కాస్త దారిస్తుంది. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ ఉంది, ఎంగిలి ద్వారా పాకుతుంది. అమెరికా సైన్యంలో కోటి మందికి పైగా సిబ్బంది రికార్డులు, దాచిన రక్తం నమూనాలు చూసి 2022లో హార్వర్డ్ పరిశోధకులు తేల్చారు: ఆ వైరస్ సోకాక ఎం.ఎస్. వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగింది. అయితే లోకంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఆ వైరస్ మోస్తున్నవాళ్లే, వాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు. మన ఇళ్లల్లో చాలామందికి పసితనంలోనే ఎంగిలి ముద్దలతో, ఓ చిన్న జ్వరంలా వచ్చి పోతుంది. ఈడొచ్చాక మొదటిసారి గట్టిగా సోకినవాళ్లకు ముప్పు ఎక్కువ.

పొగ తాగడం ముప్పును పెంచుతుంది. నువ్వు తాగవు, మీ ఆయన నీ మంచం పక్కనే బీడీ కాలుస్తాడు. పక్కవాడి పొగ కూడా మంచిది కాదని డాక్టరు అతని వైపు చూసి అంటే, జేబు మీద చెయ్యి వేసుకుంటాడు. చిన్నతనంలో బాగా లావుగా ఉండడం, ఒంట్లో విటమిన్ డి తక్కువగా ఉండడం కూడా లెక్కలోకి వస్తాయి. భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ ఈ జబ్బు ఎక్కువ. మన దేశంలో లక్షకు పదిమందిలోపే అని అంచనా. తక్కువ కాబట్టే ఎవరికీ తట్టదు.

మరి దాడుల్ని లేపినవేంటి? ఆగస్టు జ్వరం ఒకటి. సూక్ష్మజీవి సోకిన తర్వాతి వారాల్లో దాడులు పెరుగుతాయి. రెండోది విని ఉలిక్కిపడతావు. కడుపుతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ఈ జబ్బు బాగా సద్దుమణుగుతుంది. కాన్పయిన మొదటి మూడు నెలల్లో తిరగబడుతుంది. నీ కన్ను మసకబారినప్పుడు ఉయ్యాల్లో పాపకు మూడో నెల.

"పిల్లలకు వస్తదా సార్?"

తల్లికి ఉంటే బిడ్డకు నూటికి రెండు మూడు. తొంభై ఏడు మందికి రాదు. అంటుకునేది కాదు. కంచం వేరు పెట్టక్కర్లేదు, పాలు మాన్పించక్కర్లేదని, మానినా తప్పు లేదని అంటాడు. 1993కి ముందు ఈ జబ్బు దాడుల్ని తగ్గించే మందు ఒక్కటీ లేదు; ఇప్పుడు చాలా ఉన్నాయి. మొదలుపెట్టడం ఎంత ముందయితే అంత మేలు. ఏది అనేది ఆ రక్తపరీక్ష వచ్చాక. మీ ఆయన సర్టిఫికెట్ సంగతి అడుగుతాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎం.ఎస్. పేరు ఉంది, ఎంత శాతమో బోర్డు తేలుస్తుంది.

ఇంటికొస్తావు. పంచలో మామ. నువ్వు చేతికర్రతో మెట్టెక్కడం చూస్తూ ఉంటాడు. సాయంత్రం నీ ఎంఆర్‌ఐ బొమ్మ అడిగి తీసుకుని, మనిషంతా తిరిగి, వెలుతురుకేసి పట్టుకుంటాడు.

"నీది నీళ్ల జబ్బు కాదన్నారా?"

"కాదన్నారు మామా."

"నాది నీళ్లదేనన్నారు. ఎవరూ ఫోటో తియ్యలేదు. ఫ్లోరిన్ అన్నారు, పంపించారు. అంతే."

నిజమే. అతనికి ఆ జవాబు సరైనదే. సరైనదైనా అక్కడితో ఆగిపోయింది. ఎముక వెన్నుపామును ఎక్కడ నొక్కుతోందో ఎవరూ చూడలేదు. కొందరికి ఆపరేషన్‌తో ఆ నొక్కుడు తీసే వీలుంటుందని గుంటూరు డాక్టరు అన్న మాట నీకు గుర్తొస్తుంది. ఇన్నేళ్ల తర్వాత ఎంత ఫలితం ఉంటుందో చూసినవాళ్లే చెప్పాలి.

మందు మొదలుపెట్టడానికి వచ్చే సోమవారం రమ్మన్నారు. మీ ఆయన ఆటో మాట్లాడుతున్నాడు. ఇద్దరికి కాదు, ముగ్గురికి అని చెప్పు. మామ కాళ్లు చాపుకునేలా వెనక సీటు ఖాళీగా ఉంచమని కూడా చెప్పు.